వృత్తి విద్యలో వాతావరణ లక్ష్యాలు: విడి పాఠ్యాంశం పెట్టాలా, ప్రాక్టికల్ మార్కుల్లో చేర్చాలా?

శీతలయంత్రం (శీతలీకరణ ట్రేడు బోధకుడు) రాసినది:

అందరికీ నమస్కారం. మా సంస్థలో అన్ని ట్రేడుల సిలబస్‌నూ సవరిస్తున్నారు. సుస్థిరతనూ వాతావరణ లక్ష్యాలనూ అందులో చేర్చాలని పై నుంచి సూచన వచ్చింది. 30 గంటల విడి పాఠ్యాంశం ఒకటి పెట్టి, చివర ఒక రాతపరీక్ష పెడితే సరిపోతుందని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. నాకది రుచించడం లేదు. ఎందుకో చెప్పడానికి మా వర్క్‌షాపులో ఈమధ్య జరిగిన ఒక సంగతి మీ ముందు పెడతాను.

ఒక విద్యార్థి ఉదయం రాతపరీక్షలో ఓజోన్ పొర గురించీ భూతాపం గురించీ ముచ్చటగా జవాబులు రాశాడు. మధ్యాహ్నం అతనే, కంప్రెసర్ మార్చే ప్రాక్టికల్‌లో, పాత యూనిట్ సర్వీస్ వాల్వు తిప్పి, గొట్టం చివర కిటికీలోంచి బయటికి పెట్టి, లోపలున్న గ్యాసంతా బుస్సుమని వదిలేశాడు. ఆ తరువాత అతను చేసిన బ్రేజింగ్ అతుకు అద్దంలా వచ్చింది, వాక్యూమ్ నిలిచింది, యూనిట్ చల్లబరిచింది. పరీక్షకుడు 100కి 88 మార్కులు వేశాడు. గ్యాస్ వదిలినందుకు ఒక్క మార్కూ పోలేదు, ఎందుకంటే మార్కుల పట్టికలో దానికి గడే లేదు. గ్యాస్‌ను వెనక్కి పట్టే రికవరీ యంత్రం అదే గదిలో, అలమరలో, కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు కూడా తీయకుండా కూర్చుని ఉంది.

ఆ యూనిట్‌లో ఉన్నది ఆర్-22 అనే శీతలీకరణ వాయువు, సుమారు ఒక కిలో. వందేళ్ల లెక్కన చూస్తే ఆర్-22 కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,810 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కనుక, ఆ కొద్ది నిమిషాల్లో మావాడు చేసినది దాదాపు 790 లీటర్ల పెట్రోలు ఊరికే తగలబెట్టడంతో సమానం. తప్పు అతనిదని నేను అనను. మేము దేనికి మార్కులు వేస్తామో అతను అదే చేశాడు.

విడి పాఠ్యాంశం వద్దని, ప్రతి ప్రాక్టికల్ మార్కుల పట్టికలోనే దీన్ని చేర్చాలని కమిటీ ముందు వాదించాలనుకుంటున్నాను. ఇతర ట్రేడుల వారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

పాఠ్యరచన (సిలబస్ రూపకర్త) రాసినది:

శీతలయంత్రం గారూ, కమిటీలు విడి పాఠ్యాంశం వైపు ఎందుకు మొగ్గుతాయో నాకు బాగా తెలుసు, అలాంటి కమిటీల్లో నేనూ చాలాకాలం కూర్చున్నాను. విడి పాఠ్యాంశానికి ఒక పేరుంటుంది, గంటలుంటాయి, పుస్తకం ఉంటుంది, నివేదికలో ఒక వరుసగా చూపించుకోవచ్చు. ఒక్కో ట్రేడులోని ఒక్కో పనిలోకి దీన్ని ఇమడ్చాలంటే ఆ పని చేతులారా చేసిన మనిషి కూర్చుని, మెట్టు మెట్టుగా విప్పి చూడాలి. ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

మీ వాదానికి బలమిచ్చే ఉదాహరణ ఒకటి ఉంది. జర్మనీలో 2021 ఆగస్టు 1 నుంచి, కొత్తగా రూపొందించే లేదా సవరించే ప్రతి వృత్తి శిక్షణ నియమావళిలోనూ ‘పర్యావరణ పరిరక్షణ, సుస్థిరత’ అనే భాగం తప్పనిసరి అయింది. పని భద్రత, ఆరోగ్యం అనే భాగం సరసనే దాన్ని ఉంచారు. పైగా ఈ ఉమ్మడి భాగాలను ఏదో ఒక నెలలో చెప్పి ముగించకుండా, శిక్షణ కాలమంతటా పనితో కలిపి నేర్పాలన్నది అక్కడి నియమం. మీ కమిటీకి ఇది చూపించండి.

జర్మనీలోని బాన్‌లో ఉన్న యునెస్కో వృత్తి విద్యా కేంద్రం, యునెవోక్, 2017లో వృత్తి విద్యా సంస్థల కోసం వెలువరించిన మార్గదర్శిని కూడా పనికొస్తుంది. అది సంస్థను ఐదు వైపుల నుంచి చూడమంటుంది: ప్రాంగణం, పాఠ్యక్రమం, పరిశోధన, సమాజమూ పనిచోటూ, సంస్థలోని అలవాట్లు. నేను చూసినంతలో చాలా సంస్థలు మొదటిదానితోనే ఆగిపోతాయి. నాలుగు మొక్కలు నాటి, కప్పు మీద రెండు సౌర ఫలకాలు బిగించి, ఫొటో దిగితే పని అయిపోయినట్టే. వర్క్‌షాపు లోపల మాత్రం గ్యాస్ కిటికీలోంచి పోతూనే ఉంటుంది.

వెల్డింగ్‌బెంచి (వెల్డింగ్ బోధకుడు) రాసినది:

నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు, మన్నించండి. ప్రతి కొన్నేళ్లకూ ఒక కొత్త మాట వస్తుంది, దాన్ని అన్ని ట్రేడుల్లోనూ ‘చేర్చమంటారు’. ఉన్న గంటలు పెరగవు. చివరికి తగ్గేది విద్యార్థి చేతిలో టార్చి ఉండే సమయం.

అసలు మంచి పనితనంలోనే పొదుపు ఉంది. ఫిల్లెట్ అతుకు (రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసేది) కాలు, అంటే దాని పక్క పొడవు, 6 మిల్లీమీటర్లు చాలని డ్రాయింగులో ఉంటే, కొత్తగా నేర్చుకునేవాడు ‘గట్టిగా ఉంటుందిలే’ అని 8 మిల్లీమీటర్లు వేస్తాడు. చూడ్డానికి తేడా రెండు మిల్లీమీటర్లే. అతుకులో పట్టే లోహం మాత్రం కాలు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 36 ఎక్కడ, 64 ఎక్కడ? దాదాపు 78 శాతం ఎక్కువ లోహం, దానికి తగిన ఎక్కువ కరెంటు, ఎక్కువ గ్యాస్, ఎక్కువ పొగ, ఆపైన వేడికి ప్లేటు వంకర పోవడం. నేను ఇరవై ఏళ్లుగా గేజి పట్టించి ఈ తేడా చూపిస్తూనే ఉన్నాను. ఏనాడూ ‘వాతావరణం’ అన్న మాట వాడలేదు. వాడవలసిన అవసరం ఏమిటో చెప్పండి.

మూడుదశలు (కర్మాగార నిర్వహణ విభాగం) రాసినది:

వెల్డింగ్‌బెంచి గారూ, మీ గేజి పాఠం నాకు బాగా నచ్చింది. అయితే మీరు చెప్పినది ఈ విషయంలో సగమే అనిపిస్తుంది. డ్రాయింగులో ఉన్నది సరిగ్గా చేయడం మంచి పనితనం, ఒప్పుకుంటాను. డ్రాయింగే అనవసరమైనది అడిగినప్పుడు దాన్ని పట్టుకునే చూపు ఎక్కడి నుంచి వస్తుంది?

మా దగ్గర ఒక నీటి పంపు ఏళ్ల తరబడి, సగం మూసిన వాల్వుతో, పూర్తి వేగంతో తిరిగేది. ఎలక్ట్రీషియన్లు వచ్చి బేరింగు మార్చేవారు, గ్రీజు పెట్టేవారు, ఇన్సులేషన్ కొలిచి, అంతా బాగుందని రాసి వెళ్లేవారు. వారి పనిలో లోపం లేదు. ఒక అప్రెంటిస్ అమ్మాయి మాత్రం, ‘సార్, వాల్వు ఎప్పుడూ సగం మూసే ఉంచేటట్టయితే మోటారు ఇంత వేగంగా ఎందుకు తిరగాలి?’ అని అడిగింది. అపకేంద్ర పంపులో, ఎదురు పీడనం పెద్దగా లేని చోట, అవసరమయ్యే శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం 20 శాతం తగ్గిస్తే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. వేగాన్ని మార్చే డ్రైవు బిగించాక ఆ మోటారు మోత కూడా మారిపోయింది, పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు.

ప్రపంచంలో వాడే కరెంటులో దాదాపు 45 శాతం మోటార్లతో నడిచే వ్యవస్థలకే పోతుందని అంచనా. అంటే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులకు వాతావరణంతో ఉన్న సంబంధం పరోక్షమైనది కాదు. మోటారు కాలిపోతే చుట్టడం ఎలాగో మీరు నేర్పుతున్నారు. ఎప్పుడు చుట్టించాలో, ఎప్పుడు తీసేసి ఎక్కువ సామర్థ్యమున్నది పెట్టాలో లెక్క కట్టడం కూడా నేర్పండి. ఆ లెక్కకు వాతావరణం అనే మాట అవసరం లేకపోవచ్చు, కానీ ఆ లెక్క అడిగే గడి మాత్రం ఉండాలి.

పాతవిద్యార్థి (శీతలీకరణ టెక్నీషియన్) రాసినది:

నేను పాఠశాల వదిలి ఆరేళ్లయింది. రోజుకు ఐదారు యూనిట్లు చూస్తాను. బోధకులందరికీ గౌరవంతోనే ఒక మాట చెప్పాలి.

రికవరీ ఎలా చేయాలో నాకు తెలుసు. యంత్రం బిగించి, సిలిండర్‌ను తూకం మీద పెట్టి, 80 శాతానికి మించి నిండకుండా చూసుకుంటూ, గ్యాస్ వెనక్కి పట్టడానికి అరగంటైనా పడుతుంది. నాకు ఇచ్చేది పనికింత అని, గంటకింత అని కాదు. ఆ అరగంటకు ఎవరూ డబ్బు ఇవ్వరు. పట్టిన గ్యాస్‌ను ఎక్కడ అప్పగించాలో కూడా మా దగ్గర ఎవరికీ తెలియదు. మెట్ల మీదుగా నాలుగో అంతస్తుకు ఆ యంత్రాన్ని మోసుకెళ్లేవాడిని చూసి తోటివాళ్లు నవ్వుతారు. పాఠశాలలో మీరు ఎన్ని మార్కులు పెట్టినా, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే సీనియర్ ‘వదిలెయ్ రా’ అంటాడు. నేనూ వదిలాను. చెప్పుకోవడానికి బాగాలేదు, అయినా నిజం అదే.

శీతలయంత్రం రాసినది:

పాతవిద్యార్థి గారూ, నిజాయతీగా రాసినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పినది కమిటీలో ఎవరూ పలకని విషయం. శిక్షణ ఒక్కటే ఈ భారాన్ని మోయలేదు. అమెరికాలో శీతలీకరణ వాయువులను కావాలని గాలిలోకి వదలడాన్ని 1992 జూలై 1 నుంచి చట్టం నిషేధించింది, ఆ పని చేసేవారికి ధ్రువపత్రం తప్పనిసరి. ఐరోపా సమాఖ్యలో కూడా ఫ్లోరిన్ వాయువులు ఉన్న యంత్రాల మీద పనిచేయాలంటే ధ్రువపత్రం ఉండాలి. అక్కడ పాఠశాల నేర్పినదానికి బయట విలువ ఉంది, ఎందుకంటే నేర్చుకోనివాడికి పని చేసే హక్కే లేదు. నియమం లేనిచోట మన మార్కులు మొదటి వారంలోనే ఆవిరవుతాయన్న మీ మాటను కాదనలేను.

అయినా మార్కులు పెట్టాలనే అంటాను. రేపు నియమం వచ్చినప్పుడు చేయి తిరిగినవాళ్లు ఉండాలి కదా. పైగా ఈ ట్రేడులో మార్పు మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడి లేదు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఓజోన్‌ను దెబ్బతీసే వాయువులను తగ్గించింది. 2016లో వచ్చిన కిగాలి సవరణ, 2019 నుంచి అమల్లో ఉంది, వాటి బదులు వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలను (హైడ్రోఫ్లోరోకార్బన్ వాయువులను) కూడా దశలవారీగా 80 శాతానికి పైగా తగ్గించమంటోంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే, హెచ్‌ఎఫ్‌సీల్లో ఆర్-410ఏ వేడెక్కించే శక్తి 2,088 రెట్లు, ఆర్-32ది 675 రెట్లు, ఆర్-290 అంటే ప్రొపేన్, దానిది ఐదు రెట్లు కూడా ఉండదు. ఆ అంకెలు తగ్గుతున్నకొద్దీ మండే గుణం పెరుగుతోంది. ఆర్-32 కొద్దిగా మండుతుంది, ప్రొపేన్ సంగతి చెప్పనక్కర్లేదు. పాత అలవాటు ప్రకారం లోపల గ్యాస్ మిగిలి ఉండగానే టార్చి వెలిగించేవాడికి ఇక వాతావరణం గురించి చెప్పవలసిన పని ఉండదు. మండే వాయువులకు తగినదిగా తయారుచేయని రికవరీ యంత్రాన్ని వాటికి వాడకూడదన్న సంగతి మా పుస్తకంలో ఇప్పటికీ లేదు.

తాపీపాఠం (నిర్మాణ ట్రేడు బోధకురాలు) రాసినది:

మా ట్రేడులో ఇది మరోలా ఎదురవుతుంది. ప్రపంచం విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం వరకు సిమెంటు తయారీదే. బట్టీ ఇంధనం మార్చినంత మాత్రాన అది పోదు, సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే వాయువు వెలువడుతుంది, సగానికి పైగా ఆ రసాయన చర్యదే. అందుకే క్లింకర్‌ను (అలా బట్టీలో కాల్చి తీసిన ముద్దను) తగ్గించి స్లాగ్ (ఇనుప కొలిమి మడ్డి), ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), కాల్చిన బంకమట్టి కలిపిన సిమెంట్లు వస్తున్నాయి.

ఈ సిమెంట్లలో చాలావాటికి, ముఖ్యంగా స్లాగ్, ఫ్లైయాష్ ఎక్కువగా ఉన్నవాటికి, మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. తడి ఎక్కువ రోజులు నిలపాలి. ఈ సంగతి మేస్త్రీకి ఎవరూ చెప్పలేదనుకోండి. అతను పాత లెక్క ప్రకారమే సెంట్రింగు విప్పుతాడు, తడపడం మానేస్తాడు, మూలలు రాలతాయి, ఉపరితలం పొడిపొడిగా లేస్తుంది. ‘ఈ కొత్త సిమెంటు పనికిరాదు’ అని తీర్పు చెప్పేస్తాడు. ఆ మాట పదిమందికి పాకుతుంది. పరిశోధనశాలలో ఏళ్ల తరబడి చేసిన కృషి అంతా నీళ్ల గొట్టం పట్టుకున్న ఒక మనిషి దగ్గర ఓడిపోతుంది. ఆ మనిషి మన విద్యార్థి.

వెల్డింగ్‌బెంచి గారికి కూడా ఇదే నా జవాబు. పాత పనితనం ఎంత గొప్పదైనా కొత్త పదార్థానికి చాలదు. మేము ఇప్పుడు పరీక్షలో రెండు దిమ్మలు పోయిస్తున్నాం, మిశ్రమం ఒక్కటే. ఒకదానిలో చెప్పినంత నీరే పోయాలి, రెండోదానిలో పని సులువయ్యేంత వరకు పోసుకోవచ్చు. 28 రోజుల తరువాత రెండింటినీ యంత్రంలో పెట్టి పగలగొడతాం. నీరు ఎక్కువైన దిమ్మ ముందే చిట్లుతుంది. ఆ చప్పుడు విన్నవాడు ఇక బకెట్టుతో అడ్డదిడ్డంగా నీళ్లు పోయడు. బలం తగ్గితే దాన్ని పూడ్చడానికి మరింత సిమెంటు కలపాలి కదా, కర్బనం లెక్క అక్కడ దానంతట అదే వస్తుంది.

వెల్డింగ్‌బెంచి రాసినది:

తాపీపాఠం గారూ, దిమ్మల పరీక్ష బాగుంది. దాన్ని ఎత్తుకుపోతాను, ఏమీ అనుకోకండి. కొత్త పదార్థం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను.

అయినా ఒక చిక్కు మిగిలింది. పాఠ్యరచన గారు చెప్పిన జర్మనీ పద్ధతిలో దీన్ని భద్రత సరసన పెట్టారు. భద్రత ప్రతి పనిలో భాగం అయిందంటే, తప్పు చేసినవాడికి వేలు తెగుతుంది, కళ్లు మంటపుడతాయి, కరెంటు కొడుతుంది. గ్యాస్ వదిలినవాడికి ఏమీ కాదు. నష్టం కళ్లముందు లేనిదాన్ని అలవాటుగా మార్చడం మార్కులతో సాధ్యమేనా?

పాఠ్యరచన రాసినది:

మంచి ప్రశ్న. పూర్తి జవాబు నా దగ్గర లేదు. అయితే భద్రతలో కూడా అన్ని నష్టాలూ వెంటనే కనిపించవు. వెల్డింగ్ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీయడానికి ఏళ్లు పడుతుంది, మోతకు చెవులు మెల్లగా పోతాయి. అక్కడ అలవాటు చేయించింది నొప్పి కాదు, మాస్కు లేకపోతే పని మొదలుపెట్టనివ్వని నియమం. అందుకే మార్కులు తగ్గించడం కంటే ‘ఆపు మెట్టు’ పెట్టడం మేలంటాను. సరఫరా కట్ చేయకుండా ప్యానెల్ విప్పిన విద్యార్థిని పరీక్షకుడు అక్కడికక్కడే ఆపేస్తాడు, ఐదు మార్కులు తగ్గించి కొనసాగించమనడు. గ్యాస్ వదలడాన్ని కూడా అదే వరుసలో పెట్టండి. మార్కులైతే విద్యార్థి బేరం ఆడుకుంటాడు: అక్కడ పోయినవి బ్రేజింగులో తెచ్చుకోవచ్చు కదా అని.

కొత్తకొలువు (ఉపాధి సలహాదారు) రాసినది:

చర్చ నాణ్యంగా సాగుతోంది, ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. సిలబస్ సవరణ అనగానే ‘హరిత ఉద్యోగాలు’ అంటూ విద్యార్థులకు ఆశలు పెట్టడం మొదలవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో, తగిన విధానాలు అమలైతే 2030 నాటికి ఇంధన మార్పు తదితరాల వల్ల 2.4 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, సుమారు 60 లక్షలు పోతాయని అంచనా వేసింది. మొదటి అంకెను అందరూ గోడ మీద రాస్తారు, రెండోదాన్ని ఎవరూ చదవరు. పోయే ఉద్యోగాలు ఒకచోట, వచ్చేవి మరోచోట, వేరే మనుషులకు. కొద్ది వారాల సౌర ఫలకాల కోర్సు పూర్తిచేసి, బిగించే పని దొరక్క తిరిగి వచ్చినవారు నా దగ్గర కూర్చుని వెళ్లారు. వారికి కరెంటు పని పూర్తిగా రాదు, ఫలకం బిగించడం ఒక్కటే వచ్చు.

ఆ కోణంలో చూసినా మీరు చెబుతున్న దారే నాకు నచ్చింది. పూర్తి ఎలక్ట్రీషియన్‌కు సౌర పని నేర్పడం తేలిక. సౌర పని మాత్రమే నేర్చినవాడిని ఎలక్ట్రీషియన్ చేయడం కష్టం.

నిర్వాహకులు రాసినది:

విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రత గురించి వచ్చిన మూడు ప్రశ్నలను వేరే చర్చకు మార్చాము. ఇక్కడ పరీక్షా విధానం మీదే కొనసాగించగలరు.

మూడుదశలు రాసినది:

ఒక్క విషయం ఎవరూ ఎత్తలేదు. పట్టికలో గడి పెట్టారు సరే, దాన్ని నింపే పరీక్షకుడికి ఆ పని వచ్చా? శీతలయంత్రం గారి అలమరలో యంత్రం తొడుగుతోనే ఉందంటే, బోధకులకు కూడా అది అలవాటు లేదనే నా అనుమానం. బోధకులను ఏడాదికి రెండు వారాలైనా పనిచోటుకు పంపండి. మా కర్మాగారానికి వచ్చిన ఒక బోధకుడు మొదటిసారిగా అల్ట్రాసౌండ్ పరికరంతో గాలి గొట్టాల లీకులు వెతికారు. కంప్రెసర్ చేసిన గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోవడం చాలా కర్మాగారాల్లో మామూలే. ఆ హెడ్‌ఫోన్‌లో బుసబుస విన్నాక, తిరిగి వెళ్లి తమ సొంత వర్క్‌షాపులోనే పదకొండు లీకులు పట్టుకున్నారు. తరువాతి బ్యాచికి అదే ప్రాక్టికల్ అయింది, ఖర్చు ఒక సబ్బునీళ్ల సీసా.

శీతలయంత్రం రాసినది:

మీ అనుమానం నిజమే, అలాంటి యంత్రాన్ని నేను కూడా బయట రెండుసార్లే వాడాను. తొడుగు నిన్న తీశాను.

కమిటీకి ఇవ్వబోయే ముసాయిదా ఇది. విడి పాఠ్యాంశానికి అనుకున్న 30 గంటల్లో 6 గంటలు మాత్రమే తరగతిలో ఉంటాయి, అన్ని ట్రేడులకూ కలిపి. మిగతా 24 గంటలు ఆయా ట్రేడుల ప్రాక్టికల్‌కు పోతాయి, టార్చి పట్టుకునే సమయం తగ్గదు కనుక వెల్డింగ్‌బెంచి గారు శాంతిస్తారని ఆశ. ప్రతి ట్రేడుకూ ఒక ఆపు మెట్టు ఉంటుంది. మా ట్రేడులో గ్యాస్ వదిలితే పరీక్ష అక్కడితో ఆగుతుంది. దాంతోపాటు రికవరీకి 15 మార్కులు: యూనిట్ పలక మీద రాసి ఉన్న గ్యాస్ బరువులో కనీసం 90 శాతం సిలిండర్‌లోకి తిరిగి వస్తే పూర్తి మార్కులు. లోపాలుంటే చెప్పండి, ఇంకా అచ్చు వేయలేదు.

పాతవిద్యార్థి రాసినది:

ఒక లోపం ఉంది సార్. పలక మీది బరువు నమ్మకండి. పాత యూనిట్‌లో ఎప్పటి నుంచో చిన్న లీకు ఉండవచ్చు, ఎవరో తక్కువ నింపి ఉండవచ్చు. పలక మీద 1,000 గ్రాములని ఉంటుంది, లోపల 600 ఉంటాయి. పిల్లవాడు ఉన్నదంతా పట్టినా 60 శాతమే చూపిస్తుంది, మార్కులు పోతాయి. అలా రెండుసార్లు జరిగితే పిల్లలే సిలిండర్‌లోకి ఇంకో చోటి నుంచి గ్యాస్ కలపడం నేర్చుకుంటారు, ఆ తెలివి మాకు బాగా ఉండేది. పరీక్షకు ముందురోజు యూనిట్‌ను పూర్తిగా ఖాళీ చేసి, మీరే తూచి నింపండి. ఎంత నింపారో మీ దగ్గర రాసి ఉంచుకోండి, విద్యార్థికి చెప్పకండి. గొట్టాల్లో కొంత మిగులుతుంది కాబట్టి 90 శాతం అన్నది సరిపోతుంది. తూకం గాలికి ఊగని చోట పెట్టించండి. మీ వర్క్‌షాపులో ఫ్యాను సరిగ్గా దాని మీదికే వీస్తుంది, నాకు ఇంకా గుర్తుంది.

శీతలయంత్రం రాసినది:

అయితే మీరు మా దగ్గర చదివినవారేనన్నమాట! ‘పలక మీద రాసి ఉన్న బరువు’ అన్నది కొట్టేసి, ‘పరీక్షకుడు ముందుగా తూచి నింపిన బరువు’ అని మార్చాను. తూకం బల్లను రేపు కిటికీకి దూరంగా, ఫ్యాను తగలని మూలకు జరుపుతాం. వీలైతే మొదటి బ్యాచి పరీక్షకు బయటి పరీక్షకుడిగా మీరే రండి.